ఇంటికి వచ్చిన ఆఫీసు: ఆగుదాం, అడుగుదాం, చెబుదాం



మాయాబందర్ నుంచి శ్రీ విజయపురానికి, అంటే మొన్నటి వరకు మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరికి, రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. తెల్లవారకముందే బస్సెక్కాలి. రంగత్, కదంతల, బారాటాంగ్ దాటాలి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనంతో సహా పడవెక్కాలి. జార్వా తెగ రక్షిత ప్రాంతంలో వాహనాలన్నీ వరుసకట్టి, నిర్ణయించిన వేళకే కదలాలి. ఒక్క కాగితం మీద సంతకం కోసం కూడా రోజంతా ప్రయాణం చేసిన పెద్దలు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఇప్పుడు అదే సంతకం కోసం అమ్మ భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుస్తోంది. నాన్న వరండాలో కూర్చుని శ్రీ విజయపురంలోని అధికారితో వీడియోలో మాట్లాడుతున్నారు. ఫైలు క్షణంలో వెళ్తుంది, క్షణంలో తిరిగి వస్తుంది. ఆఫీసు మన ఇంటికి వచ్చేసింది. ఆఫీసుకు కాపలాదారు ఉంటాడు, గేటు ఉంటుంది, రాత్రికి తాళం పడుతుంది. మరి ఇంటికి వచ్చిన ఆఫీసుకు కాపలా ఎవరు? ఆ ఇంట్లో ఉన్నవాళ్లందరూ. అంటే మీరు కూడా. అందుకే ఈ పాఠం పెద్దలకు కాకుండా మీకు చెబుతున్నాం.

సముద్రం కింద దారి

ముందుగా ఈ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకుందాం. 2020కి ముందు ఈ ద్వీపాలకు, ప్రధాన భూభాగానికి మధ్య ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదుగానే నడిచేది. సామర్థ్యం తక్కువ, ఖర్చు ఎక్కువ. ఆ తర్వాత చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేశారు. 2018 డిసెంబరు 30న దీనికి శంకుస్థాపన జరిగింది, 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పనిని బి.ఎస్.ఎన్.ఎల్. చేయించింది. ఈ కేబుల్ చేరే తీరాల్లో స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్‌లతో పాటు మన మధ్య అండమాన్‌లోని రంగత్ కూడా ఉంది.

వెంట్రుకంత సన్నని గాజు పోగులో వెలుగు రూపంలో సమాచారం పరుగెత్తుతుంది. మనకు ఎంతో మేలు జరిగింది. ఆన్‌లైన్ పాఠాలు, వైద్యుల సలహాలు, బ్యాంకు పనులు, ఇంటి నుంచి ఆఫీసు పని, అన్నీ సులువయ్యాయి. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. దారి వేసినవాళ్లు ఎవరు నడవాలో నిర్ణయించలేరు. మంచి కబురు ఎంత వేగంగా వస్తుందో మోసపు కబురు కూడా అంతే వేగంగా వస్తుంది. ఇదివరకు పేజీ తెరుచుకునేలోపు మనకు ఆలోచించుకునే వ్యవధి దొరికేది. ఇప్పుడు ఆ వ్యవధిని మనమే కల్పించుకోవాలి. ఈ పాఠం సారాంశంలో సగం ఇదే. మిగిలిన సగం చివర్లో చెబుతాం.

కాపాడవలసినది ఏమిటి?

సమాచార భద్రత అనగానే పాస్‌వర్డు ఒక్కటే గుర్తుకొస్తుంది. నిజానికి కాపాడవలసినవి మూడు. మన మార్కుల రిజిస్టరును ఉదాహరణగా తీసుకుందాం.

మొదటిది గోప్యత. మీ మార్కులు మీకు, మీ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు తెలియాలి. దారినపోయేవారికి తెలియనక్కరలేదు.

రెండోది సమగ్రత. 38 వచ్చిన చోట ఎవరూ 83 అని దిద్దకూడదు. 83ని 38 చేయడం కూడా తప్పే.

మూడోది లభ్యత. ఫలితాలు ప్రకటించే రోజున రిజిస్టరు కనిపించకపోతే అందులో ఎంత చక్కగా రాసినా ప్రయోజనం లేదు.

అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌లో ఉన్నది కూడా ఇలాంటి రిజిస్టరే. ఎవరిదో పింఛను, ఎవరిదో బదిలీ, ఒక ఓడకు రావలసిన సరుకు, ఒక ఆసుపత్రికి కావలసిన మందులు అందులో ఉంటాయి. ఆ సమాచారానికి హాని జరిగితే మనకు పరిచయం లేని ఎందరో ఇబ్బంది పడతారు.

మూడు సంఘటనలు, మూడు గుమ్మాలు

దొంగ ఏ గుమ్మంలోంచి వస్తాడో తెలిస్తే కాపలా సులువు. ప్రపంచానికి తెలిసిన మూడు సంఘటనలు చూద్దాం.

మొదటి గుమ్మం ఫోను. 2020 జూలైలో ట్విట్టర్ కంపెనీ ఉద్యోగులు కరోనా కారణంగా ఇళ్ల నుంచి పని చేస్తున్నారు. దూరం నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లడంలో తరచూ ఇబ్బందులు వచ్చేవి. సరిగ్గా ఆ సంగతి చెబుతూనే కొందరికి ఫోన్లు వచ్చాయి. "మేము మన సాంకేతిక విభాగం నుంచి మాట్లాడుతున్నాం, మీ సమస్య సరిచేస్తాం" అన్నారు. అసలు పేజీలా కనిపించే నకిలీ పేజీలో వివరాలు నింపమన్నారు. కొందరు నమ్మి నింపారు. దాంతో మోసగాళ్లు కంపెనీ లోపలికి వెళ్లి 130 ఖాతాలను లక్ష్యంగా చేసుకున్నారు. ప్రముఖుల పేర్లతో దొంగ ప్రకటనలు పెట్టి లక్ష డాలర్లకు పైగా కాజేశారు. ఈ కేసులో ప్రధానంగా అరెస్టయిన వాడి వయసు అప్పటికి 17 ఏళ్లు. మీలో కొందరికి దాదాపు అదే వయసు. తెలివి ఎటు తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి.

రెండో గుమ్మం ఈమెయిల్. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము మాయమైంది. అంతకు రెండు నెలల ముందే బ్యాంకు సిబ్బందికి 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయని పోలీసుల దర్యాప్తులో తేలింది. అన్ని మెయిళ్లలో ఏ ఒక్కటి తెరిచినా దొంగకు చాలు. తెరిచిన మెయిల్ ద్వారా దూరం నుంచి కంప్యూటరును నడిపే దొంగ ప్రోగ్రామ్ లోపలికి చేరింది. ఇక్కడ ఉద్యోగులు ఆఫీసులోనే ఉన్నారు. దూరం నుంచి పని చేసినవాడు దొంగ!

మూడో గుమ్మం వాయిదా వేసిన అప్‌డేట్. 2022లో, ప్రజల పాస్‌వర్డులను భద్రపరిచే లాస్ట్‌పాస్ అనే కంపెనీకే దెబ్బ తగిలింది. దొంగలు నేరుగా కంపెనీ మీదికి పోలేదు. ఒక ముఖ్యమైన ఇంజినీరు ఇంట్లోని కంప్యూటరును ఎంచుకున్నారు. అందులో సినిమాలు, పాటలు నిర్వహించుకునే ఒక సాఫ్ట్‌వేర్ పాతబడి ఉంది. దానిలోని లోపాన్ని సరిచేసే అప్‌డేట్ 2020లోనే వచ్చినా, అది వేసుకోలేదు. ఆ లోపం గుండా చొరబడి, ఆయన నొక్కే ప్రతి అక్షరాన్నీ నమోదు చేసే ప్రోగ్రామ్ పెట్టారు. ప్రధాన పాస్‌వర్డు అలా చిక్కింది.

ఈ మూడింటిలోనూ దొంగ గోడ పగలగొట్టలేదు. ఎవరో ఒకరు తొందరలో తలుపు తీశారు, లేదా తీరుబడి లేక గడియ పెట్టడం మరిచారు. "నెట్ స్లోగా ఉంది, అప్‌డేట్ రేపు చూద్దాం" అనే మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినబడుతుందో మీకే తెలుసు.

సీలు వేసిన సంచి

అమ్మానాన్నలు ఆఫీసు పని మొదలుపెట్టే ముందు "వీపీఎన్ కనెక్ట్ కాలేదు" అనడం వినే ఉంటారు. వీపీఎన్ అంటే ఏమిటి? ఓడలో టపా సంచి వెళ్తుందనుకోండి. సంచికి సీలు వేసి ఉంటుంది. దారిలో ఓడ సిబ్బందికి గానీ, తోటి ప్రయాణికులకు గానీ లోపలి ఉత్తరం కనిపించదు. వీపీఎన్ కూడా అంతే. ఇంటి నుంచి ఆఫీసు వరకు వెళ్లే సమాచారాన్ని రహస్య లిపిలోకి మార్చి, మధ్యలో ఎవరూ చదవకుండా చేస్తుంది.

అయితే సీలు దారిని కాపాడుతుందే గానీ రెండు కొనలను కాపాడదు. సీలు వేసే ముందే ఎవరైనా సంచిలో పాము పిల్లను పెడితే, సీలు ఆ పామును కూడా భద్రంగా ఆఫీసుకు చేరవేస్తుంది. అందుకే ఇంట్లోని ల్యాప్‌టాప్ శుభ్రంగా ఉండడం ముఖ్యం. మీరు అందులో ఉచిత ఆట వేసుకున్నా, స్నేహితుడి పెన్‌డ్రైవ్ పెట్టినా, అది ఆఫీసు గుమ్మం దాకా వెళ్లగలదు. ఆఫీసు ఇచ్చిన యంత్రం ఆఫీసుదే. ఇంట్లో ఒకే సొంత కంప్యూటరు ఉంటే పిల్లలకు వేరే యూజర్ ఖాతా తెరిపించుకోండి. ఒకే ఇంట్లో వేరు వేరు గదులు ఉన్నట్టన్నమాట.

వెబ్ చిరునామా ఇంటిపేరు

తెలుగు పిల్లలకు మాత్రమే చక్కగా అర్థమయ్యే చిట్కా ఒకటి చెబుతాం. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత వస్తుంది. వెబ్ చిరునామాలో దీనికి తలకిందులు. అక్కడ ఇంటిపేరు చివర ఉంటుంది. చిరునామాలో "హెచ్‌టీటీపీఎస్" తర్వాతి రెండు గీతలను దాటి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. దానికి ఎడమవైపు ఆనుకుని ఉన్న భాగమే ఇంటిపేరు. కేంద్ర ప్రభుత్వ సైట్లలో చాలావాటికి అక్కడ "గవ్ డాట్ ఇన్" అనో "నిక్ డాట్ ఇన్" అనో ఉంటుంది.

మోసగాడు ఏం చేస్తాడంటే, నమ్మకమైన ఆ పేరును చిరునామా మొదట్లో పెట్టి, చివర తన సొంత ఇంటిపేరు తగిలిస్తాడు. ఎడమ నుంచి చదివే మన కన్ను మొదటి భాగం చూసి మోసపోతుంది. కాబట్టి చిరునామాను కుడి వైపు నుంచి చూడడం అలవాటు చేసుకోండి. అయినా అనుమానం తీరకపోతే లింకు నొక్కకండి. ఆ సైటు చిరునామాను మీరే టైపు చేసి తెరవండి.

బదిలీ వేళ పొంచి ఉండే ప్రమాదాలు

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో ఎంత హడావుడి ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. టి.సి. తీసుకోవాలి, క్వార్టర్స్ ఖాళీ చేయాలి, ఓడ టిక్కెట్లు దొరకాలి, సామాను కట్టాలి. హడావుడిలో ఉన్న ఇల్లు మోసగాడికి ఇష్టమైన ఇల్లు.

ముందుగా మాకు జరిగిన అనుభవం చెబుతాం. ఒక బదిలీలో మేము పాత ఊరి సిమ్ వదిలేసి కొత్తది తీసుకున్నాం. బ్యాంకులో నంబరు మార్చాం. ఈమెయిల్ ఖాతాలో మార్చడం మరిచాం. కొన్ని నెలలకు ఫోను పాడైంది. కొత్త ఫోనులో మెయిల్ తెరవబోతే పాస్‌వర్డు గుర్తురాలేదు. "మీ నంబరుకు కోడ్ పంపాం" అని తెర మీద వచ్చింది. ఆ నంబరు అప్పటికే మరొకరిది. మెయిల్‌లో అర్ధ సంవత్సర పరీక్షకు మేము తయారు చేసిన ప్రశ్నపత్రం ముసాయిదా ఉంది. వేరే దారి తోచక ఆ నంబరుకే ఫోన్ చేసి, "అయ్యా, మీకు ఒక కోడ్ వచ్చి ఉంటుంది, దయచేసి చెబుతారా?" అని అడిగాం. అవతలి పెద్దమనిషి, "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదండీ" అని ఫోన్ పెట్టేశారు.

ఆయన చేసిందే సరైన పని. తరగతిలో మేము చెప్పే పాఠాన్నే ఆయన మాకు అప్పజెప్పారు. మూడు వారాల తర్వాత, ఎప్పుడో అత్యవసర కోడ్‌లు రాసిపెట్టుకున్న పాత డైరీ ఒక సామాను పెట్టెలో దొరికాక గానీ ఆ మెయిల్ తెరుచుకోలేదు. ప్రశ్నపత్రం మళ్లీ కొత్తగా తయారు చేశాం.

మూతబడిన నంబరును కనీసం 90 రోజుల పాటు వేరొకరికి ఇవ్వరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తర్వాత ఇవ్వవచ్చు. కాబట్టి పాత నంబరు వదిలే ముందు బ్యాంకు, ఈమెయిల్, ఆధార్, వాట్సాప్, పాఠశాల రికార్డు, ఈ ఐదు చోట్లా కొత్త నంబరు చేరిందో లేదో చూడాలి. ఈ పట్టిక రాసే బాధ్యత ఇంట్లో మీరే తీసుకోండి.

ఇంకొన్ని జాగ్రత్తలు:

జిరాక్స్ షాపు. కాగితాల కోసం షాపు కంప్యూటరులో వాట్సాప్ తెరిచి అలాగే వదిలేసి వస్తుంటాం. పని కాగానే లాగవుట్ చేయాలి, డౌన్‌లోడ్ అయిన ఫైళ్లను తొలగించాలి. ఆధార్ ప్రతి అడిగినచోట, అంగీకరిస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.

సామాను చేరవేసేవారు. ఫోన్లో కనిపించిన మొదటి ప్రకటన నమ్మి అడ్వాన్సు పంపకూడదు. ఇదివరకు అదే దారిలో బదిలీ అయిన అంకుల్‌నో ఆంటీనో అడిగి తెలుసుకోవాలి.

స్టేటస్. బదిలీ ఉత్తర్వును సంతోషంగా వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం. అందులో ఉద్యోగి పేరు, హోదా, పాత చోటు, కొత్త చోటు అన్నీ ఉంటాయి. మరునాడు "మీ క్వార్టర్స్ అలాట్‌మెంట్ విభాగం నుంచి" అంటూ వచ్చే ఫోన్‌కు కావలసిన వివరాలన్నీ మనమే ఇచ్చినట్టు అవుతుంది. రక్షణ, తీరరక్షక, పోలీసు శాఖలవారి పిల్లలు ఓడల రాకపోకలు, విధుల వేళలు ఎక్కడా రాయకూడదు.

పాత ఫోన్లు. అమ్మే ముందు లోపలి సమాచారాన్ని పూర్తిగా చెరిపివేసే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. సిమ్, మెమరీ కార్డు తీసేయాలి.

ఇంటి వై-ఫై. పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి. కొత్త క్వార్టర్స్‌లో ముందున్నవాళ్ల రౌటర్ ఉంటే దానికి కూడా ఇదే నియమం.

రెండు సామెతలు

మన భాషలో "ఆలస్యం అమృతం విషం" అనే మాట ఉంది. "నిదానమే ప్రధానం" అనే మాటా ఉంది. రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. సమాచార భద్రతలో ఈ రెండింటికీ చోటుంది. నొక్కే ముందు నిదానమే ప్రధానం. నొక్కిన తర్వాత తప్పు జరిగిందని తెలిస్తే, చెప్పడంలో ఆలస్యం విషం.

మొదటి మాట తీసుకుందాం. "పది నిమిషాల్లో మీ సిమ్ ఆగిపోతుంది", "ఇప్పుడే చెల్లించకపోతే కరెంటు పోతుంది", "మీ నాన్నగారి పేర కేసు నమోదైంది, ఫోన్ పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు". ఇలాంటి మోసాలన్నిటికీ ప్రాణం తొందర. వీడియో కాల్‌లోనే "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అంటారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. నిజమైన అధికారికి మనం ఫోన్ పెట్టేసి, నాన్నగారిని అడిగి, మళ్లీ చేస్తామంటే అభ్యంతరం ఉండదు. మోసగాడికే అభ్యంతరం. కాబట్టి ఫోన్ పెట్టేయడమే పరీక్ష. అలాగే, "మీ సమస్య సరిచేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అంటూ మన తెరను వాళ్లు చూసే యాప్‌లను వేయిస్తారు. అలాంటి యాప్‌ల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది.

లైన్లో ఉండిపోయిన అబ్బాయి

ఇప్పుడు రెండో సగం. లాక్‌డౌన్ రోజుల్లో మేము ప్రధాన భూభాగంలో ఒక ఊళ్లో పని చేస్తున్నాం. ఒకరోజు ఎనిమిదో తరగతి ఆన్‌లైన్ క్లాసు ముగిసింది. అందరూ వెళ్లిపోయారు. ఒక్క అబ్బాయి మాత్రం లైన్లోనే ఉన్నాడు.

"ఏం నాన్నా, సందేహమా?" అని అడిగాం.

కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "సార్, అమ్మ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక గేమ్ వేసుకున్నాను సార్. ఫ్రీ అని ఉంది. స్క్రీన్ ఒకసారి నల్లబడి మళ్లీ వచ్చింది. ఇప్పుడు అమ్మ ఫైళ్లు తెరుచుకోవట్లేదు."

"ఎప్పుడు వేశావు?"

"నాలుగు రోజులైంది సార్. అమ్మ నెట్ ప్రాబ్లం అనుకుంటోంది. చెబితే కొడుతుంది సార్."

ఆ అమ్మగారు పదవీ విరమణ చేసినవారి పింఛను కాగితాలు చూసేవారు. "అమ్మను పిలువు, మేము లైన్లోనే ఉంటాం" అన్నాం. వాడు చెప్పాడు. ఆవిడ వెంటనే ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ నుంచి వేరు చేసి ఆఫీసుకు ఫోన్ చేశారు. అదృష్టవశాత్తు ముందు వారం వరకు ఫైళ్ల నకళ్లు ఆఫీసులో ఉన్నాయి. తర్వాత చేసిన పనంతా పోయింది. కొందరు పెద్దవాళ్ల పింఛను ఫైళ్లను మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

తర్వాత ఆవిడ మాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "గేమ్ వేసినందుకు కోపం లేదు సార్. నాలుగు రోజులు నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు, చెప్పలేకపోయాడు. వాడు నన్ను చూసి అంత భయపడ్డాడా అని బాధగా ఉంది."

పిల్లలూ, తప్పు చేయని మనిషి లేడు. పైన చెప్పిన ట్విట్టర్, బ్యాంకు ఉద్యోగులు చదువు లేనివాళ్లు కాదు. తప్పు కంటే దాన్ని దాచిన సమయమే ఎక్కువ నష్టం చేస్తుంది. చట్టాలు, నియమాలు కూడా గడియారాన్ని చూసే నడుస్తాయి.

కంప్యూటరు భద్రతా సంఘటనలను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ పేరు సెర్ట్-ఇన్. సైబర్ దాడి జరిగినట్టు గమనించిన 6 గంటల్లోపు తమకు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో అది సంస్థలకు ఆదేశమిచ్చింది. ఆఫీసు 6 గంటల్లో చెప్పాలంటే ముందు ఆఫీసుకు తెలియాలి. ఆఫీసుకు తెలియాలంటే అమ్మకు తెలియాలి. అమ్మకు తెలియాలంటే మీరు చెప్పాలి.

డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. దొంగ ఆ సొమ్మును మరో ఖాతాలోకి తరలించే లోపు చెబితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల్లో కూడా ఇదే సూత్రం ఉంది. మన అజాగ్రత్త వల్ల నష్టం జరిగినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. అంటే మనం చెప్పిన క్షణమే హద్దు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభమేమిటి?

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు ఇలాంటి తప్పు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు మొదటి మాటగా "మంచి పని చేశావు, చెప్పావు" అనండి. మందలింపు సాయంత్రం కూడా చేయవచ్చు. మొదటి గంట మళ్లీ రాదు.

ఇంటి ఒప్పందం

ఒక కాగితం మీద ఈ ఆరు మాటలు రాసి, ఇంట్లో అందరూ సంతకం చేసి, ల్యాప్‌టాప్ పెట్టే చోట అంటించండి.

1. ఆఫీసు యంత్రం ఆఫీసు పనికే.
2. ఓటీపీ, పాస్‌వర్డు ఎవరికీ చెప్పం. అమ్మానాన్నల ఫోన్‌కు వచ్చిన ఓటీపీని వాళ్లు ఇంట్లో లేనప్పుడు ఎవరు అడిగినా చదవం.
3. తొందరపెట్టే ఫోన్ పెట్టేస్తాం. మనకు ముందే తెలిసిన నంబరుకు మనమే ఫోన్ చేసి కనుక్కుంటాం.
4. నెట్ బాగున్న వేళ చూసి వారానికి ఒకసారి అప్‌డేట్లు వేస్తాం.
5. ముఖ్యమైన ఫైళ్లకు వేరొక చోట నకలు ఉంచుతాం. ఆఫీసు ఫైళ్ల నకలు ఆఫీసు చెప్పిన చోటే.
6. తప్పు జరిగితే ఆ గంటలోనే చెబుతాం. చెప్పినవారిని ఎవరూ తిట్టరు.

ఊరు మారినప్పుడల్లా మనం ఎన్నో వదిలేస్తాం. స్నేహితులను, బడిని, పెరట్లో నాటిన మొక్కను వదిలి వెళ్తాం. ఈ కాగితాన్ని మాత్రం సామాను పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకోండి. కొత్త ఇంట్లో ముందు అదే అంటించాలి.

పదాలు – అర్థాలు

గోప్యత: రహస్యంగా ఉంచడం
సమగ్రత: మార్పు చేర్పులు లేకుండా పూర్తిగా ఉండడం
లభ్యత: కావలసినప్పుడు దొరకడం
ముసాయిదా: తుది రూపం ఇవ్వని మొదటి రాత ప్రతి
వ్యవధి: మధ్యలో దొరికే సమయం

ఆలోచించండి – చేయండి

1. మీ ఇంట్లో ఒకే ఫోనును ఎంతమంది వాడుతున్నారు? అందులో ఆఫీసుకు సంబంధించినవి ఏమున్నాయో పెద్దలను అడిగి, గోప్యత, సమగ్రత, లభ్యతలలో దేనికి ముప్పు ఉందో రాయండి.
2. మీ ఇంటికి వచ్చిన ఒక అనుమానాస్పద సందేశాన్ని, లింకు నొక్కకుండా, పెద్దల సాయంతో పరిశీలించండి. అందులో తొందరపెట్టే మాటల కింద గీత గీయండి.
3. మీరు ఇప్పటివరకు ఎన్ని ఊళ్లు మారారు? వదిలేసిన పాత నంబర్లు ఇంకా ఎక్కడెక్కడ నమోదై ఉన్నాయో ఇంట్లో అందరూ కలిసి పట్టిక తయారు చేయండి.
4. "లైన్లో ఉండిపోయిన అబ్బాయి" మొదటి రోజే అమ్మకు చెప్పి ఉంటే ఆ సంభాషణ ఎలా సాగేదో పది వాక్యాల్లో రాయండి.